స్కూబా ఎగ్జిబిషన్‌కు వెళ్లబోతున్న హైదరాబాద్ డైవర్‌కు ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నారు. రెండేళ్ల క్రితం అండమాన్‌లోని హేవ్‌లాక్ ద్వీపంలో ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి స్కూబా డైవింగ్ (సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం) కోర్సు పూర్తిచేసి, ఇప్పటికి 14 డైవ్‌లు చేశారు. సొంత సామగ్రి ఏదీ లేదు. సింగపూర్‌లో ఏటా జరిగే ఆసియా డైవ్ ఎక్స్‌పో అనే డైవింగ్ ప్రదర్శనకు వెళ్లాలనుకుంటున్నారు కానీ మూడు సందేహాలు మిమ్మల్ని ఆపుతున్నాయి: వ్యాపారులు, శిక్షకులు కలుసుకొనే చోట సరదాకు డైవింగ్ చేసే మనలాంటివారిని ఎవరైనా పట్టించుకుంటారా, తగ్గింపు ధరలు ఉంటాయి కాబట్టి కావలసిన సామగ్రి అంతా అక్కడే కొనుక్కోవడం మంచిదేనా, ఈత రాని మీ శ్రీమతిని వెంట తీసుకువెళితే ఆమెకు కాలక్షేపం అవుతుందా.

నేను తార్నాకలో ఉంటాను. పదిహేడేళ్లుగా డైవింగ్ చేస్తున్నాను, నాలుగు వందల డైవ్‌లు దాటాయి, శిక్షకవృత్తిలో గానీ వ్యాపారంలో గానీ లేను. సింగపూర్ ప్రదర్శనకు మూడుసార్లు, బ్యాంకాక్‌లో జరిగే థాయిలాండ్ డైవ్ ఎక్స్‌పోకు ఒకసారి పూర్తిగా అభిరుచి కొద్దీ వెళ్లివచ్చాను. తప్పకుండా వెళ్లమనే నా సలహా. అయితే కొనడానికని కాక, పట్టుకొని చూడటానికి, పెట్టుకొని చూడటానికి, అడిగి తెలుసుకోవడానికి వెళ్లండి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన నగరంలో పది రకాల మాస్కులను ఒకదాని తరువాత ఒకటి ముఖానికి పెట్టుకొని చూసే దుకాణం లేదు, సిలిండర్ గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే రెగ్యులేటర్‌ను విప్పి లోపలి భాగాలను చూపించగల మనిషి దొరకడమూ కష్టం. ప్రదర్శనలో ఈ రెండూ ఒకే కప్పు కింద దొరుకుతాయి. అక్కడ కొనే ప్రతి వస్తువూ మాత్రం తిరిగివచ్చి హైదరాబాద్‌లో మన ఇంట్లో బతకాలి. అది పాడైతే బాగుచేసేది ఎవరన్న ప్రశ్నను మీతోపాటు విమానం ఎక్కించుకొని వెళ్లండి.

ముందుగా ఏ ప్రదర్శన ఎవరికోసమో చెప్పాలి. అమెరికాలో ఏటా జరిగే డెమా షో అనే డైవింగ్ వ్యాపార ప్రదర్శన కేవలం వృత్తిలో ఉన్నవారిది, మామూలు డైవర్లకు అక్కడ ప్రవేశం లేదు. స్నేహితుడి కంపెనీ పేరుతో విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకొని లోపలికి వెళ్లవచ్చని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఏడాదికి ఒకసారి ఆర్డర్లు మాట్లాడుకోవడానికి డబ్బు కట్టి స్టాల్ తీసుకున్నవారి సమయాన్ని అబద్ధం చెప్పి తీసుకోవడం సరికాదు, పైగా మీరు అడిగే రెండో ప్రశ్నకే విషయం బయటపడుతుంది. సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్‌లలో జరిగే ప్రదర్శనలు అలా కావు. వాటికి ప్రజలు కూడా వెళ్లవచ్చు. జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో 1969లో మొదలై, ఇప్పుడు జనవరి నెలల్లో జరుగుతున్న ‘బోట్’ కూడా ప్రజల ప్రదర్శనే. అది పడవలన్నిటికీ సంబంధించినది, అందులో డైవింగ్ ఒక పెద్ద భాగం. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నాలుగున్నర గంటల విమానప్రయాణం కాబట్టి మొదటిసారికి మీరు ఎంచుకున్నదే సరైనది.

ఇక మీ మొదటి సందేహం. పట్టించుకుంటారు, కానీ అది మీరు వెళ్లే రోజును బట్టి, గంటను బట్టి ఉంటుంది. మన నాంపల్లి నుమాయిష్‌కు సంక్రాంతి సెలవుల్లో సాయంత్రం ఏడు గంటలకు వెళ్లినవారికీ, మామూలు పనిరోజున గేట్లు తెరవగానే వెళ్లినవారికీ దుకాణదారులు చూపే ఓపికలో ఎంత తేడా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. డైవింగ్ ప్రదర్శనల్లోనూ అంతే. ఇవి సాధారణంగా శుక్ర, శని, ఆదివారాల్లో జరుగుతాయి. శుక్రవారం ఉదయం జనం పలచగా ఉంటారు, స్టాళ్లలో కంపెనీ ఇంజనీర్లు, సర్వీస్ టెక్నీషియన్లు తాజాగా, మాట్లాడే ఉత్సాహంతో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నానికి వారి గొంతులు బొంగురుపోతాయి, మిగిలిన సరుకు అమ్ముకోవాలన్న తొందర మొదలవుతుంది. అందుచేత ఒక రోజు సెలవు పెట్టి శుక్రవారం ఉదయానికే అక్కడ ఉండేలా ప్రయాణం కుదుర్చుకోండి. ప్రశ్నలన్నీ శుక్రవారం అడగండి, శనివారం మళ్లీ చుట్టి పోల్చుకోండి, ఏదైనా కొనాలంటే ఆదివారం కొనండి.

స్టాల్‌లో ఎవరైనా డీలర్‌తో ఆర్డర్ గురించి మాట్లాడుతూ ఉంటే అడ్డురాకుండా, తీరిక ఎప్పుడు ఉంటుందో అడిగి ఆ సమయానికి తిరిగివెళ్లడం మర్యాద. మీ డైవ్‌ల సంఖ్యను పెంచి చెప్పవద్దు. ‘14 డైవ్‌లు చేశాను, అన్నీ 27 నుంచి 30 డిగ్రీల నీటిలో, 18 మీటర్లలోపు, ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలే’ అని మొదటి వాక్యంలోనే చెబితే, ఎదుటివారు తమ దగ్గర ఉన్న అత్యంత ఖరీదైన వస్తువును పక్కనపెట్టి మీకు పనికివచ్చే వస్తువును చూపిస్తారు. నా రెండో పర్యటనలో ఇలాగే చెప్పినప్పుడు, జుట్టు నెరిసిన ఒక టెక్నీషియన్ సగానికి కోసిన ఫస్ట్ స్టేజ్‌ను (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) నా చేతిలో పెట్టి దాదాపు నలభై నిమిషాలు పాఠం చెప్పారు. సిలిండర్‌లో ఉన్న 200 బార్ల పీడనాన్ని ఆ చిన్న ఇత్తడి ముక్క చుట్టూ ఉన్న నీటి పీడనం కన్నా తొమ్మిది, పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండే స్థాయికి ఎలా దించుతుందో, అన్‌బ్యాలెన్స్‌డ్ రకంలో సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ గాలి పీల్చడం ఎందుకు కాస్త బరువవుతుందో, బ్యాలెన్స్‌డ్ రకంలో ఆ తేడా ఎందుకు రాదో నాకు ఆనాడు అర్థమయింది. అప్పటివరకు రెండు వందల డైవ్‌లు చేసి కూడా నా ప్రాణం ఏ స్ప్రింగు మీద ఆధారపడి ఉందో నాకు తెలియదు. ఆ నలభై నిమిషాల కోసమే నేను ప్రదర్శనలకు వెళ్లమని అందరికీ చెబుతాను.

రెండో సందేహానికి వస్తే, సామగ్రి అంతా ఒకేసారి కొనడం మంచిది కాదు. 14 డైవ్‌ల దశలో మీరు కొనవలసినది మాస్కు, దాని తరువాత డబ్బు అనుమతిస్తే డైవ్ కంప్యూటర్, అంటే లోతును, సమయాన్ని బట్టి అక్కడ ఇంకా ఎంతసేపు ఉండవచ్చో చూపే పరికరం. మిగిలినవాటిలో దాదాపు అన్నీ చూసి, రాసుకొని, వదిలిపెట్టి రండి.

మాస్కు దగ్గర ఎంత సమయం గడిపినా తక్కువే. పట్టీని ముందుకు తీసేసి, తల పైకెత్తి, మాస్కును ముఖం మీద ఊరికే ఆనించండి, గాలి పీల్చవద్దు. అంచు చుట్టూ ఎక్కడైనా వెలుతురు కనబడుతోందా, నుదుటి దగ్గర గానీ ముక్కు పక్కన గానీ సందు ఉందా అని తోడుగా వచ్చినవారిని చూడమనండి. ముక్కుతో బలంగా పీల్చి చూసే పద్ధతి అందరికీ తెలిసినదే కానీ, గట్టిగా పీలిస్తే సరిపడని మాస్కు కూడా ముఖానికి అతుక్కుంటుంది. అందుచేత మెల్లగా పీల్చి, అది నిలుస్తుందో లేదో చూడండి. ఆ తరువాత స్టాల్‌లో ఉన్న మౌత్‌పీస్‌ను శుభ్రం చేయించుకొని నోట్లో పెట్టుకొని అదే పరీక్ష మళ్లీ చేయండి, ఎందుకంటే నోట్లో రెగ్యులేటర్ ఉన్నప్పుడు పైపెదవి, బుగ్గలు వేరే ఆకారంలోకి వస్తాయి, చాలా మాస్కులు అప్పుడే కారతాయి. మీసం ఉంటే పైపెదవి మీద అంచు ఎక్కడ ఆనుతుందో ప్రత్యేకంగా చూసుకోవాలి. నా మిత్రుడొకరు మీసం తీయడానికి ఇష్టపడక ముక్కు కింద అంచు వెడల్పుగా ఉన్న నమూనా కోసం పద్దెనిమిది మాస్కులు పెట్టుకొని చూశారు. ఆ మాస్కు ఈనాటికీ ఆయన దగ్గర ఉంది.

కళ్లద్దాలు పెట్టుకొనేవారైతే రెండు విడి అద్దాలున్న మాస్కునే చూడండి. చాలా కంపెనీలు అలాంటి మాస్కులకు అర డయాప్టర్ చొప్పున పెరిగే రెడీమేడ్ పవర్ లెన్సులను అమ్ముతాయి, వాటిని అక్కడికక్కడే బిగించి ఇస్తారు. మీ కళ్ల పరీక్ష చీటీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నీటిలో వస్తువులు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పవర్ అర డయాప్టర్ అటూ ఇటూ అయినా చాలామందికి ఇబ్బంది ఉండదు. కొత్త మాస్కు అద్దం లోపలివైపు తయారీలో మిగిలిన సిలికాన్ పొర ఉంటుంది, దానిని మామూలు తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే మొదటి డైవ్‌లోనే పొగమంచు పట్టినట్టు అవుతుంది. ఇంటికి తెచ్చాక అటక మీద పెట్టవద్దు. మన ఏప్రిల్, మే నెలల వేడికి అటక మీద మాస్కు ఆకారం చెడవచ్చు, నియోప్రీన్ (వెట్‌సూట్ల రబ్బరు) పాడవుతుంది. బోరు నీటితో కడిగి ఆరబెడితే తెల్లటి సున్నపు పొర మిగులుతుంది కాబట్టి చివరిసారి మాత్రం మున్సిపల్ నల్లా నీటితో కడగండి.

డైవ్ కంప్యూటర్ విషయంలో స్టాల్‌లో ముందుగా కనబడేది రంగుల తెర. మీరు అడగవలసినవి వేరే. మొదటిది, ఇది ఏ పద్ధతిలో లెక్క కడుతుంది అన్నది. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ రూపొందించిన నమూనా మన శరీరాన్ని 16 విభాగాలుగా ఊహించుకొని, ఒక్కొక్క దానిలో ఎంత నైట్రోజన్ చేరిందో, పైకి వస్తున్నప్పుడు ఎంత బయటికి పోయిందో లెక్కిస్తుంది. చాలా కంపెనీలు ఈ నమూనాను వాడుతున్నాయి, కొన్ని వేరే పద్ధతులను వాడుతున్నాయి. వేర్వేరు పద్ధతుల కంప్యూటర్లు పెట్టుకున్న ఇద్దరు భాగస్వాములు ఒకే లోతున ఉన్నా వారి తెరల మీద మిగిలిన నిమిషాలు వేరుగా కనిపిస్తాయి, అప్పుడు ఇద్దరూ తక్కువ నిమిషాలు చూపే దానినే పాటించాలి. మీరు, మీతో తరచుగా డైవ్ చేసే మిత్రులు ఒకే పద్ధతి ఉన్న కంప్యూటర్లు తీసుకుంటే ఈ చిక్కు తగ్గుతుంది. రెండోది, జాగ్రత్త స్థాయిని మనమే పెంచుకొనే ఏర్పాటు ఉందా, ఆ అమరిక మెనూలో ఎక్కడ ఉంది అన్నది. అక్కడే నిలబడి, వారి సహాయం లేకుండా మీరే దానిని మార్చి చూడండి. మార్చలేకపోతే ఆ మెనూ మీకు సరిపడలేదని అర్థం. మూడోది ఎత్తు. సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉన్న నీటిలో చేసే డైవింగ్‌కు లెక్కలు మారతాయి, మన హైదరాబాద్ 500 మీటర్లకు పైనే ఉంది. ఇక్కడి ఈతకొలనులో సాధన చేయడానికి అది అడ్డుకాదు గానీ, దక్కన్‌లో ఏ లోతైన క్వారీలోనో, చెరువులోనో డైవ్ చేసే రోజు వస్తే కంప్యూటర్ ఎత్తును తనంతట తానే గుర్తిస్తుందో, మనం అమర్చాలో తెలిసి ఉండాలి.

నాలుగోది బ్యాటరీ. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని కంప్యూటర్లలో నాణెంలాంటి బ్యాటరీని మనమే నాణెంతో మూత తిప్పి మార్చుకోవచ్చు, నీరు చొరకుండా మూతకు వేసే ఓ-రింగ్ కూడా బ్యాటరీతోపాటే దొరుకుతుంది. కొన్నింటిని ఛార్జ్ చేసుకోవాలి. మరికొన్నింటిని విప్పి, బ్యాటరీ మార్చి, మళ్లీ పీడన పరీక్ష చేయడానికి కంపెనీ కేంద్రానికే పంపాలి. మూడో రకాన్ని హైదరాబాద్‌లో ఉండేవారు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. కోఠిలో గడియారాలు బాగుచేసే ఎంత నేర్పరికైనా ఆ పని అప్పగించలేము, ఎందుకంటే మూత సరిగా పడిందో లేదో తెలిసేది 20 మీటర్ల లోతుననే.

రెగ్యులేటర్ గురించి నా అనుభవం చెప్పి తీరాలి. మొదటి ప్రదర్శనలో, ఆదివారం సాయంత్రం, చన్నీటిలో కూడా గడ్డకట్టకుండా పనిచేసే ఒక రెగ్యులేటర్‌ను మంచి తగ్గింపులో కొన్నాను. భారతదేశంలో సర్వీస్ ఉందా అని అడిగితే ఉందన్నారు, నేను నమ్మాను. ఏడాదిన్నర తరువాత కర్ణాటకలోని నేత్రాణి ద్వీపం దగ్గర పడవ మీదనే అది ఆగకుండా గాలి వదలడం మొదలుపెట్టింది. ఆ రోజు డైవ్ పోయింది. తిరిగివచ్చి విచారిస్తే ఆ కంపెనీకి దేశంలో ఉన్న ఒకే ఒక ప్రతినిధి అంతకు ముందే ఆ వ్యాపారం మానుకున్నారని తెలిసింది. సర్వీస్ కిట్లను ధ్రువీకరణ ఉన్న టెక్నీషియన్లకు తప్ప అమ్మబోమని కంపెనీ చెప్పింది. వారి వైపు నుంచి చూస్తే అది న్యాయమే, ఎందుకంటే తప్పుగా బిగించిన రెగ్యులేటర్ ప్రాణం తీస్తుంది. సింగపూర్ వెళ్లే బంధువు సూట్‌కేసులో పంపి తెప్పించుకొనేసరికి నాలుగు నెలలు పట్టింది, ఖర్చు కొన్న ధరలో దాదాపు సగమయింది. పైగా నేను డైవ్ చేసే వెచ్చని నీటికి ఆ చన్నీటి ఏర్పాటు అవసరమే లేదు. ఐరోపా ప్రమాణం ప్రకారం పరీక్షించిన రెగ్యులేటర్లలో పది డిగ్రీలకు పైనున్న నీటికి మాత్రమే పనికివచ్చే వాటి మీద ఆ సంగతి ముద్రించి ఉంటుంది, అండమాన్‌కు, లక్షద్వీప్‌కు అవి నిక్షేపంగా సరిపోతాయి.

కాబట్టి సర్వీస్ ఉందన్న మాటతో ఆగిపోకండి. ఏ నగరంలో, ఏ కేంద్రంలో, ఆ టెక్నీషియన్ పేరేమిటి అని అడిగి రాసుకోండి, ఆ తరువాత అక్కడి నుంచే ఆ కేంద్రానికి ఫోన్ చేయండి. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు చేస్తే ఇక్కడ ఉదయం పదిన్నర అవుతుంది కాబట్టి ఎత్తే అవకాశం ఉంది. ఈ నమూనాకు కిట్లు మీ దగ్గర ఉన్నాయా, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత తీసుకుంటారు అని అడగండి. చాలా కంపెనీలు ఏడాదికో, నూరు డైవ్‌లకో ఒకసారి సర్వీస్ చేయించమంటాయి, కొన్ని రెండేళ్ల వరకు వ్యవధి ఇస్తాయి. ఏడాదికి ఎనిమిది, పది డైవ్‌లు చేసే మనిషికి సర్వీస్ ఖర్చును డైవ్‌ల సంఖ్యతో భాగిస్తే, ఒక్కొక్క డైవ్‌కు పడే మొత్తం చాలాచోట్ల అద్దెకన్నా ఎక్కువే తేలుతుంది. మన దేశంలో నేను వెళ్లిన డైవ్ కేంద్రాలు దాదాపు అన్నీ రెగ్యులేటర్‌ను, బీసీడీని (గాలి నింపి తేలడాన్ని సర్దుకొనే జాకెట్టు) డైవ్ ధరలోనే కలిపి ఇస్తాయి. ఏడాదికి ముప్పై డైవ్‌లు దాటేవరకు సొంత రెగ్యులేటర్ కోసం తొందరపడవద్దు. కొనే రోజు వచ్చినప్పుడు రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు తగిలించే యోక్ (పైనుంచి బిగించేది), డిన్ (మరతో లోపలికి తిప్పేది) అనే రెండు బిగింపుల్లో ఏది అన్న ప్రశ్న వస్తుంది. డిన్ గట్టిది, నాకు నచ్చినది, కానీ మన కేంద్రాల్లో ఎక్కువగా కనబడే అల్యూమినియం సిలిండర్లకు యోక్ కుదురుతుంది కాబట్టి డిన్ కొంటే అడాప్టర్ కూడా వెంట ఉంచుకోవాలి.

బీసీడీలు, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), వెట్‌సూట్‌ల (ఒంటికి అతికే రబ్బరు దుస్తుల) దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఫిన్స్ తొడుక్కొని నడిచి చూడండి, కొనవద్దు. విమానంలో బరువు, పొడవు రెండూ ఇబ్బందే. వెట్‌సూట్ మాత్రం రెడీమేడ్ కొలతలు ఒంటికి కుదిరితే మూడు మిల్లీమీటర్లది తీసుకోవచ్చు, అద్దె సూట్లలో అందరికీ సరిపడే కొలత దొరకదు కనుక.

డబ్బు సంగతి. హైదరాబాద్‌లో బయలుదేరకముందే ఎంత వరకు ఖర్చుపెట్టాలో ఇంట్లో కూర్చొని నిర్ణయించుకొని కాగితం మీద రాసుకోండి. నుమాయిష్‌లో చేసినట్టు సగం ధరకు బేరం మొదలుపెడితే అక్కడ నొచ్చుకుంటారు. కానీ ఆదివారం మధ్యాహ్నం, ప్రదర్శనకు పెట్టిన నమూనాలను తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేని స్టాళ్లలో మర్యాదగా అడిగితే ధర తగ్గిస్తారు, లేదా ఒక సంచినో, అదనపు పట్టీనో కలిపి ఇస్తారు. ప్రదర్శనకు పెట్టిన వస్తువు తీసుకుంటే దానికి వారంటీ కార్డు, సీరియల్ నంబరు, తేదీ ఉన్న బిల్లు తప్పక తీసుకోండి. సింగపూర్‌లో అమ్మకపు పన్ను 2024 జనవరి నుంచి 9 శాతం ఉంది. పథకంలో చేరిన దుకాణంలో 100 సింగపూర్ డాలర్లకు తగ్గకుండా కొని, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపితే, పర్యాటకులకు అందులో ఎక్కువ భాగం విమానాశ్రయంలో తిరిగి ఇస్తారు. స్టాల్ ఆ పథకంలో ఉందో లేదో డబ్బు ఇవ్వకముందే అడగండి. కస్టమ్స్ అధికారులు వస్తువును చూపమని అడగవచ్చు కాబట్టి సూట్‌కేసు అప్పగించక ముందే ఆ పని ముగించుకోవాలి.

శంషాబాద్‌లో దిగాక, సుంకం లేకుండా తెచ్చుకోగల విలువ దాటితే రెడ్ ఛానల్‌లోకి వెళ్లి చెప్పండి. ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో ఆనాటి పరిమితి చూసుకొని, సుంకాన్ని కలుపుకొని ధర లెక్కవేస్తే, సింగపూర్‌లో చవకగా కనిపించిన కొన్ని వస్తువులు అంత చవక కావని తేలుతుంది. బిల్లులు చింపేసి పాతవని చెప్పేవారున్నారు. మీరు ఆ దారి తొక్కవద్దు. ఇప్పటికే మీ దగ్గర ఖరీదైన కెమెరా ఉంటే, వెళ్లేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారులకు చూపి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి, తిరుగు ప్రయాణంలో అది కొత్తగా కొన్నదేమోనన్న ప్రశ్న రాదు. డైవింగ్ టార్చ్ కొంటే దాని విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి, సామాన్యంగా ఒక్కొక్కటి 100 వాట్-అవర్లకు మించకూడదు.

సామగ్రి కన్నా ఎక్కువ డబ్బు పోయే ప్రమాదం రిసార్టుల స్టాళ్ల దగ్గర ఉంది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మాల్దీవుల నుంచి వచ్చినవారు గోడంత ఫోటోలు పెట్టి, ఈ మూడు రోజులే ఈ ధర అంటారు. కట్టవద్దని నేను చెప్పను. నా జీవితంలోని ఉత్తమమైన డైవ్‌లలో ఒకటి, బాలిలోని తులాంబెన్ తీరాన మునిగివున్న లిబర్టీ నౌక, అలా స్టాల్‌లో జరిగిన సంభాషణ వల్లనే నాకు పరిచయమయింది. అయితే ముందు కొన్ని అడగండి. ఒక గైడ్‌కు ఎంతమంది డైవర్లు, పడవ మీద ఆక్సిజన్ ఉంటుందా, డీకంప్రెషన్ చికిత్స (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినప్పుడు చేసేది) చేసే ఛాంబర్ ఎంత దూరం, అక్కడ ప్రవాహాలు ఎలా ఉంటాయి, 14 డైవ్‌లవారిని మీరు నిజంగా ఆ చోటికి తీసుకువెళతారా. చివరి ప్రశ్నకు ‘ముందు మరికొన్ని డైవ్‌లు చేసి రండి’ అని చెప్పిన రిసార్టు పేరును జాగ్రత్తగా రాసుకోండి, నమ్మదగినది అదే. రుతువు కూడా అడగాలి. ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతహా దిబ్బలకు పడవలు మార్చి నుంచి జూన్ వరకే వెళతాయి, మాల్దీవుల్లోని హనిఫారు అఖాతానికి మాంటా చేపలు నైరుతి రుతుపవన కాలంలో వస్తాయి. మీ ఆఫీసు సెలవులు వీటితో కలుస్తాయో లేదో చూడకుండా అడ్వాన్సు ఇచ్చి నష్టపోయినవారు నాకు తెలుసు.

కోర్సులు అమ్మే స్టాళ్లలో మీకు ఉపయోగపడేవి రెండే: 30 మీటర్ల వరకు అనుమతినిచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సు, నైట్రాక్స్ (మామూలు గాలికన్నా ఆక్సిజన్ ఎక్కువ ఉండే మిశ్రమం) కోర్సు. ఆ రెండూ హేవ్‌లాక్‌లోనే చేయవచ్చు, ప్రదర్శనలో డబ్బు కట్టనవసరం లేదు. రీబ్రీదర్ల స్టాల్‌ను మాత్రం చూడకుండా రాకండి. మనం విడిచిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను రసాయనంతో పీల్చివేసి, తగ్గిన ఆక్సిజన్‌ను కలిపి మళ్లీ మనకే అందించే ఆ యంత్రం, బుడగల చప్పుడు లేకుండా చేపల మధ్య ఉండే వీలు కల్పిస్తుంది. చూడండి, వినండి, కోర్సుకు పేరు ఇవ్వకండి. అది వందల డైవ్‌ల తరువాతి మాట. వేదిక మీది ప్రసంగాల పట్టికను ముందురోజే చూసుకొని డైవింగ్ వైద్యానికి, ప్రమాదాల విశ్లేషణకు సంబంధించినవి ఉంటే ముందు వరుసలో కూర్చోండి. ఫోటోల ప్రసంగాలు ఇంటర్నెట్‌లో ఎన్నో దొరుకుతాయి, డైవింగ్ వైద్యుడిని నేరుగా ప్రశ్న అడిగే అవకాశం దొరకదు.

ప్రదర్శన తరువాత దగ్గరలోని ఏదైనా ద్వీపంలో డైవ్ చేసి రావాలనుకుంటే, తిరుగు విమానానికి ముందు వ్యవధి ఉంచండి, ఎత్తులో పీడనం తగ్గినప్పుడు ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఒకే ఒక మామూలు డైవ్ తరువాత కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు లేదా ఎక్కువ రోజుల డైవింగ్ తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేను 24 గంటలు ఉంచుకుంటాను. విశాఖలో ఉదయం డైవ్ చేసి సాయంత్రం విమానంలో హైదరాబాద్ వచ్చేసే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉంది, వారికి కూడా ఇదే వర్తిస్తుంది.

మీ శ్రీమతి విషయం. తీసుకువెళ్లండి, కానీ మూడు రోజులూ కాదు. ఈత రానివారికి మొదటి రెండు రోజుల మాటలు, పోలికలు విసుగు పుట్టిస్తాయి. శుక్ర, శనివారాల్లో ఆమెను ఊరు చూడనివ్వండి. ఆదివారం నీటి అడుగు ఫోటోల ప్రదర్శన, పిల్లల కార్యక్రమాలు అందరికీ బాగుంటాయి. చాలా ప్రదర్శనల్లో చిన్న కొలను ఏర్పాటుచేసి, శిక్షకుడు పక్కనే ఉండి, నిలబడితే తల పైకి వచ్చేంత నీటిలో మొదటిసారి సిలిండర్ గాలి పీల్చి చూసే అవకాశం ఇస్తారు. దానికి ఈత రానవసరం లేదు, కానీ ఆరోగ్య ప్రశ్నావళి నింపాలి. ఉబ్బసం, చెవి శస్త్రచికిత్స, గుండె జబ్బు వంటివి ఉంటే వైద్యుడి అనుమతి పత్రం లేకుండా, గర్భవతి అయితే అసలే అనుమతించరు. ఉన్నదానిని ఉన్నట్టుగానే రాయమనండి. కొలను దగ్గర పేర్లు ఉదయమే నిండిపోతాయి కాబట్టి తలుపులు తెరవగానే ముందు అక్కడికే వెళ్లి ఆమె పేరు రాయించి, ఆ తరువాత మీ మాస్కు కొనుక్కోండి. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, జుట్టు ముడి వేసుకోవడానికి రబ్బరు బ్యాండు ఆమె సంచిలో ఉండాలి. మా ఇంట్లో నాలుగు రకాల మాస్కులున్నాయి, అవసరమైతే ప్రయాణానికి ముందు ఒక ఆదివారం మీరిద్దరూ తార్నాక వచ్చి పెట్టుకొని చూడవచ్చు. ముఖానికి ఏ ఆకారం కుదురుతుందో ముందే తెలిస్తే అక్కడ మీకు ఒక గంట మిగులుతుంది.